"బూడిద పోసినట్టుంది" అన్న తరవాత

ప్రశ్న: నేను బ్యాంకు ఉద్యోగం నుంచి రిటైరై బెంగళూరు బసవనగుడిలో స్థిరపడ్డాను. కుర్రతనంలో స్నానాల గదినే డార్క్‌రూమ్‌గా మార్చుకుని నలుపు తెలుపు ఫొటోలు కడిగి ప్రింట్లు వేసుకున్నవాణ్ణి. ఇప్పుడు ప్రతి నెలా రెండో ఆదివారం మా ఇంటి హాల్లో పది పన్నెండుమంది తెలుగు పిల్లలు చేరి తాము తీసిన బ్లాక్ అండ్ వైట్ ఫొటోలు చూపించుకుంటారు, నన్ను అభిప్రాయం చెప్పమంటారు. మూడు నెలల కిందట ఒక అమ్మాయి కె.ఆర్. మార్కెట్‌లో పూలమ్మే ముసలావిడ ఫొటో చూపిస్తే, "కాంట్రాస్ట్ లేదమ్మా, బూడిద పోసినట్టుంది, రంగుల్లోనే ఉంచాల్సింది" అన్నాను. నా ఉద్దేశంలో అది నిజమే. కానీ ఆ అమ్మాయి ఆ తరవాత రావడం మానేసింది. మిగిలినవాళ్ళు ఒకరి ఫొటోలు ఒకరు చూసి "సూపర్" తప్ప ఇంకో మాట అనరు. మనసు నొప్పించకుండా, అబద్ధమూ ఆడకుండా ఫొటో గురించి చెప్పడం ఎలా?

— ఒక పాఠకుడు, బెంగళూరు

సమాధానం: మీ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాను. ఆ ఫొటోను నేను చూడలేదు కాబట్టి మీ తీర్పు సరైనదో కాదో చెప్పలేను. కానీ ఉత్తరంలోనే నాకు కనిపించిన ఒక లోటు గురించి ముందుగా చెప్పక తప్పదు. ఆ ముసలావిడ కెమెరా వైపు చూస్తోందా, దండ కడుతోందా, బేరమాడుతోందా, వెలుతురు ఆమె మీద ఎటునుంచి పడుతోంది, ఆమె వెనక ఏముంది అన్న విషయాల్లో ఒక్కటి కూడా మీరు రాయలేదు. మీరు అన్న మాటను మాత్రం పొల్లుపోకుండా రాశారు. మూడు నెలల తరవాత తీర్పు గుర్తుండి ఫొటో గుర్తులేదంటే, ఆ రోజు మీరు దాన్ని చూసింది బహుశా కొద్ది క్షణాలేనని నా అనుమానం. ఆ అమ్మాయికి మీ మాటలోని కరుకుదనంతోపాటు ఆ తొందర కూడా తెలిసే ఉంటుంది.

ఇంకొక సంగతి ఏమిటంటే, బూడిద అన్నది మన భాషలో ఒక రంగు పేరుగా మాత్రమే మిగిలిపోలేదు. బూడిదలో పోసిన పన్నీరు అన్న మాట తెలియని తెలుగువాళ్ళు ఉండరు. మీరు ఫొటోలోని ఛాయల గురించి అన్నారు. తెల్లవారుజామున లేచి మార్కెట్‌కు వెళ్ళిన ఆ అమ్మాయి తన శ్రమ గురించి అన్నట్టుగా విని ఉండవచ్చు.

"సూపర్" అనే పిల్లల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. వాళ్ళకు మాటలు లేక కాదు, మీరు ఆ రోజు అన్న మాట వాళ్ళూ విన్నారు కాబట్టి జాగ్రత్తపడుతున్నారు. మీ పద్ధతి మారితే వాళ్ళదీ మారుతుంది.

నా సొంత అనుభవం ఒకటి చెప్పనివ్వండి. నేను పందొమ్మిదేళ్ళ వయసులో చిక్కపేటలోని ఒక స్టూడియోలో ప్రింట్లు వేసే పనికి కుదిరాను. యజమాని నా ప్రింట్లను బల్బు కిందికి ఎత్తి చూసి, "మళ్ళీ" అనేసి నీళ్ళ బకెట్‌లో పడేసేవారు. ఎందుకు మళ్ళీ వేయాలో చెప్పేవారు కాదు. నాలుగు నెలలపాటు నేను ఎక్స్‌పోజరు, అంటే కాగితం మీద వెలుతురు పడే సమయం, పెంచుతూ, తగ్గిస్తూ, నలుపు తెలుపుల తేడాను నిర్ణయించే కాగితం గ్రేడు మారుస్తూ, చీకట్లో తడుముకున్నట్టు పనిచేశాను. డార్క్‌రూమ్‌లో ఎలాగూ చీకటే కాబట్టి ఎవరికీ తేడా తెలియలేదు. అక్కడే పనిచేసే ఒక వృద్ధుడు ఒకనాడు ఒక పెళ్ళికొడుకు ప్రింటు తీసుకుని, అతని తెల్లచొక్కా భుజం మీద వేలు పెట్టి, "ఇక్కడ బట్ట లేదబ్బాయ్, కాగితం ఉంది" అన్నాడు. నేను చూశాను. నిజంగానే ఆ భుజం మీద నేత లేదు, మడత లేదు, ఒట్టి తెల్ల కాగితం మాత్రమే కనిపిస్తోంది. ప్రింటు కాగితం మీద వెలుతురు ఎక్కువ పడినచోట ఛాయ ముదురుతుంది కదా, మిగతా భాగానికి అట్టముక్క అడ్డుపెట్టి ఆ భుజానికి మాత్రం ఇంకొన్ని సెకన్లు వెలుతురు ఇచ్చేసరికి చొక్కా చొక్కాలా కనిపించింది. ఆయన నన్ను మెచ్చుకోలేదు, తిట్టనూ లేదు. వేలు పెట్టి చోటు చూపించాడు, అక్కడ ఏం లేదో చెప్పాడు, ఏం చేయాలన్నది నాకు దానంతట అదే అర్థమైంది. నలుపు తెలుపు ఫొటో గురించి నాకు ఇప్పటికీ అంతకన్నా మంచి విమర్శ తెలియదు.

మీరు "కాంట్రాస్ట్ లేదు", అంటే వెలుగు నీడల మధ్య తేడా లేదు, అన్నదాన్ని దీనితో పోల్చి చూడండి. అది మొత్తం ఫొటోకు ఒకేసారి తగిలించిన మాట. డార్క్‌రూమ్‌లో పనిచేసిన మీకు ఆ మాట వినగానే 2వ గ్రేడు కాగితం తీసి 3వ గ్రేడు వేయడం గుర్తుకువస్తుంది. ఫోన్‌లో ఫొటో సవరించుకునే అమ్మాయికి మాత్రం ఒక మీటను కుడివైపు లాగడం గుర్తుకువస్తుంది. అలా లాగితే ముసలావిడ చీర కొంగు మసిగుడ్డలా నల్లబడిపోతుంది, మల్లెపూలు సున్నం ముద్దలవుతాయి, మీరు కోరుకున్నది మాత్రం రాదు. ఎందుకంటే ఆ ఫొటోలో కాంట్రాస్ట్ నిజంగా లోపించి ఉంటే, అది ఫలానా రెండు వస్తువుల మధ్య లోపించి ఉంటుంది. ఆ రెండు వస్తువులు ఏవో చెప్పడమే మీ పని.

పూల మార్కెట్ ఇందుకు మంచి ఉదాహరణ. పై అంతస్తు నుంచి కిందికి చూస్తే బంతి, చేమంతి, గులాబీ, కనకాంబరం, తులసి, మరువం వేటికవి విడివిడిగా కనిపిస్తాయి. కానీ వాటిని విడదీస్తున్నది రంగే. రంగును బూడిద ఛాయగా మార్చడానికి టీవీ ప్రసారాల కాలం నుంచి వాడుకలో ఉన్న ఒక సూత్రంలో ఆకుపచ్చకు దాదాపు 59 శాతం, ఎరుపుకు 30 శాతం, నీలానికి 11 శాతం బరువు ఇస్తారు, మన కంటికి ఆకుపచ్చ వెలుగే ఎక్కువ ప్రకాశంగా కనిపిస్తుంది కాబట్టి. ఈ లెక్క ప్రకారం మార్చినప్పుడు ఒక ఎర్రటి గులాబీ, దాని పక్కనున్న ముదురు ఆకు ఇంచుమించు ఒకే ఛాయలోకి వచ్చి ఒకదానిలో ఒకటి కలిసిపోవచ్చు. మీకు బూడిద కుప్పలా కనిపించింది ఇదే అయితే, అది ఆ అమ్మాయి చూపులోని లోపం కాదు, మార్పిడిలో జరిగిన పొరపాటు, అదీ సరిచేసుకోగలిగినది. ఫొటోను రంగుల్లోనే భద్రపరిచి ఉంటే, మార్చేటప్పుడు ఎరుపు వాటాను పెంచి ఆకుపచ్చ వాటాను తగ్గిస్తే గులాబీలు తేలికపడి ఆకులు ముదురుతాయి. పూర్వం ఫిల్ముతో తీసేటప్పుడు కెమెరా ముందు ఎర్ర ఫిల్టరు బిగించి చేసిన పనే ఇది. మీకు ఈ విద్య తెలుసు, ఆమెకు తెలియకపోవచ్చు. "ఈ గులాబీలూ ఈ ఆకులూ ఒకదానిలో ఒకటి కలిసిపోయాయమ్మా, నీ దగ్గర రంగుల ఫైలు ఉందా?" అని అడిగి ఉంటే ఆ సాయంత్రం మీరిద్దరూ కలిసి కంప్యూటర్ ముందు కూర్చునేవారు.

అయితే ఎరుపును పెంచితే బంతి, కనకాంబరాలు కూడా తెల్లబడతాయి, వాటితోపాటు ముసలావిడ ముఖం కూడా తేలికపడుతుంది, మన చర్మంలో నారింజ, ఎరుపు పాళ్ళే ఎక్కువ కాబట్టి. ఇక్కడ నేను కొంచెం ఆగి మాట్లాడదలచుకున్నాను, ఎందుకంటే మన ఫొటో సమావేశాల్లో చాలా తరచుగా వినిపించే, చాలా తక్కువగా ఆలోచించి అనే మాట "ముఖం నల్లగా వచ్చింది" అన్నది. నల్లగా ఉన్న ముఖం నల్లగా రావడంలో తప్పేముంది? అమెరికన్ ఫొటోగ్రాఫర్లు ఆన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ 1940 ప్రాంతంలో రూపొందించిన జోన్ పద్ధతిలో గాఢమైన నలుపు నుంచి కాగితపు తెలుపు వరకు 0 నుంచి 10 దాకా మెట్లు ఉంటాయి, మధ్యనున్న 5వ మెట్టు 18 శాతం వెలుగును తిప్పికొట్టే బూడిద. ముఖాన్ని 6వ మెట్టులో పెట్టాలని ఆ పాఠాలు చదివినవాళ్ళు చెబుతారు. కానీ అది ఎండలో ఉన్న తెల్లవాళ్ళ ముఖానికి చెప్పిన మెట్టు. దాన్ని తెచ్చి మార్కెట్‌లో పూలమ్మే మనావిడకు అంటగడితే ఆమె ఇంకెవరో అయిపోతుంది. మన స్టూడియోల్లో పెళ్ళికూతుళ్ళ నెగెటివ్‌ల మీద పెన్సిల్‌తో టచింగ్ చేసి అందరినీ ఒకే తెలుపుకు తెచ్చిన అలవాటు ఫోన్లలోకి కూడా వచ్చేసింది. మీరు చూడవలసింది ముఖం ఎంత నలుపు అని కాదు. ఆ నలుపులో చెంప ఎముక, కంటి కింది మడత, పెదవి అంచు విడివిడిగా కనిపిస్తున్నాయా అని. కనిపిస్తుంటే ఏమీ అనకండి. కనిపించకపోతే, కనిపించని చోటును చూపించండి, ముఖాన్ని మాత్రమే కొంచెం తేలిక చేయమనండి.

ఇక మీరు అడిగినదానిలో అసలు విషయం, ఎలా మొదలుపెట్టాలి అన్నది. నేను పాటించేది చెబుతాను. ఫొటో చేతికి వచ్చాక ఒక నిమిషం మాట్లాడను. నిమిషం అంటే నిజంగా గడియారం చూసుకునే నిమిషం. హాల్లో అందరూ ఎదురుచూస్తుండగా అది చాలా పొడుగ్గా అనిపిస్తుంది, అయినా పట్టు విడవను. ఆ తరవాత కళ్ళు చికిలించి చూస్తాను, వివరాలు పోయి వెలుగు ముద్దలు, చీకటి ముద్దలు మాత్రమే మిగులుతాయి. ఒకోసారి తలకిందులు చేసి కూడా చూస్తాను. ముసలావిడ ముసలావిడగా కనిపించనప్పుడు ఫ్రేములో బరువు ఎటువైపు తూగుతోందో తెలుస్తుంది. అప్పుడు నోరు తెరిచి మొట్టమొదట నా చూపు ఎక్కడ పడింది, అక్కడి నుంచి ఎటు పోయింది, ఎక్కడ ఆగింది అన్నది వరుసగా చెబుతాను. "నా చూపు ముందు ఆమె భుజం వెనకున్న తెల్లటి ప్లాస్టిక్ సంచి మీద పడింది, తరవాత చేతుల మీదికి వచ్చింది, ముఖం దగ్గరికి చివర్లో చేరింది" అంటే అందులో నింద ఏమీ లేదు. నా కన్ను చేసిన ప్రయాణం అది, కాదనడానికి ఎవరికీ వీలులేదు. తీసినవాళ్ళు ముఖమే ముందు కనిపించాలనుకుంటే, సంచి దారి తప్పించిందని వాళ్ళకే తెలిసిపోతుంది. చేతులే ముఖ్యమనుకుంటే సంతోషిస్తారు. రంగుల ఫొటోలో అయితే ఒక ఎర్రపువ్వు ఆ తెల్ల సంచితో పోటీపడి చూపును లాగగలిగేది. రంగు లేనప్పుడు చూపు చాలావరకు వెలుగును పట్టుకునే పోతుంది, కాబట్టి నలుపు తెలుపు ఫొటో మీద చేసే విమర్శలో ఈ ప్రయాణం చెప్పడానికి రంగుల ఫొటోలో కన్నా ఎక్కువ విలువ ఉంది.

ఆ తరవాతే తీసినవాళ్ళను అడుగుతాను, "నువ్వు ఏం చూసి ఆగావు?" అని. ముందుగా అడిగితే వాళ్ళు కథ చెబుతారు, ఆ ముసలావిడకు కొడుకులు లేరనీ, రాత్రి రెండు గంటలకే వస్తుందనీ. ఆ కథ విన్నాక ఫొటోలో లేనిది కూడా మనకు ఉన్నట్టే కనిపిస్తుంది.

"రంగుల్లోనే ఉంచాల్సింది" అన్న మీ మాట అసలు అనకూడనిదని నేను అనను. కొన్ని ఫొటోలకు అది నిజమే. కానీ నలుపు తెలుపులోకి మార్చడానికి ఆమెకు ఒక కారణం ఉండి ఉంటుంది. తెల్లవారుజామున ఆ మార్కెట్‌లో ఒక కొట్టు దగ్గర పసుపుపచ్చటి బల్బు, పక్క కొట్టు దగ్గర నీలం తిరిగిన ఎల్‌ఈడీ వెలుగుతుంటే ముఖం ఒకవైపు పసుపు కొమ్ములా, ఇంకోవైపు పీలగా వస్తుంది. ఆ చిక్కును తప్పించుకోవడానికి రంగు తీసేసినవాళ్ళు చాలామంది ఉన్నారు, అది సరైన కారణమే. కారణం అడిగి తెలుసుకున్న తరవాత కూడా మీ అభిప్రాయం మారకపోతే చెప్పండి, కానీ అది మీ అభిరుచి అని కూడా చెప్పండి.

అభిరుచినీ దోషాన్నీ విడిగా ఉంచడం మీ వయసువాళ్ళకీ నా వయసువాళ్ళకీ కష్టం. ఊటీలో తయారైన ఇందు బ్రాండు ఫొటో కాగితం మీద గాఢమైన నలుపు తెప్పించడానికి మనం పడిన పాట్లు మనకు గుర్తుండి, ఫొటో అన్నాక ఒక మూల పూర్తి నలుపు, ఇంకో మూల పూర్తి తెలుపు ఉండి తీరాలని నమ్ముతాం. కార్తీకమాసపు తెల్లవారుజామున లాల్‌బాగ్‌లో మంచు పట్టిన చెట్లను తీసిన ఫొటోలో పూర్తి నలుపు ఎందుకు ఉండాలి? మంచులో నలుపు ఉండదు. ఆ ఫొటోకు మధ్య ఛాయలే ప్రాణం, దాన్ని మీరు సరిచేయిస్తే మంచు పోయి మధ్యాహ్నం వస్తుంది. ఆకాశం తెల్లగా పోయిందన్న ఫిర్యాదు కూడా ఇలాంటిదే. 1850లలో మద్రాసు ప్రెసిడెన్సీ ప్రభుత్వానికి ఫొటోలు తీసిన లిన్నేయస్ ట్రైప్ కాలంలో నెగెటివ్‌లు నీలానికే అతిగా స్పందించేవి కాబట్టి ఆకాశం ఖాళీగా వచ్చేది. ఆయన కొన్ని నెగెటివ్‌ల మీద మేఘాలను చేత్తో దిద్దాడు. ఖాళీ ఆకాశం ఆయనకు నచ్చలేదు, సరే. ఆలయ గోపురపు అంచు స్పష్టంగా తెలియడమే ముఖ్యమైన ఫొటోలో ఆ ఖాళీయే ఉపయోగపడుతుంది. తెలుపు ఉందా లేదా అని కాక, ఆ తెలుపు ఫొటోలోని విషయానికి సాయపడుతోందా, అడ్డుపడుతోందా అని అడగాలి.

దీనికి ఎదురుగా ఉన్న జబ్బు గురించి కూడా చెప్పాలి, నా అభిరుచే అయినా. ఎవరైనా ముసలివాళ్ళ ముఖం దొరికితే చాలు, మీటలన్నీ లాగి ముడతలను బీటలువారిన చెరువు మట్టిలా చేసి చూపించడం ఒక అలవాటైపోయింది. అలాంటి ఫొటో చూసినప్పుడు నాకు ముడతలే కనిపిస్తాయి, మనిషి కనిపించదు. అయినా నేను ఆ మాట అనను. "నుదుటి మీద గీతలూ వెనకున్న గోడ పగుళ్ళూ ఒకే పదునుతో ఉన్నాయి, ఏది ముందుందో నాకు తెలియడం లేదు" అంటాను. నలుపు తెలుపు ఫొటోలో ఒక్క పువ్వును ఎర్రగా వదిలేయడం కూడా నాకు నచ్చదు. దానికి నా అభిరుచితో పనిలేకుండానే ఒక నియమం ఉంది: అంతర్జాతీయ ఫొటోగ్రఫీ సమాఖ్య ఫియాప్ నిర్వచనం ప్రకారం ఫొటో మొత్తానికి సెపియా అనే గోధుమ ఛాయలాంటి ఒకే రంగు పూస్తే అది మోనోక్రోమ్‌గానే, అంటే ఏకవర్ణ ఫొటోగానే, లెక్కకు వస్తుంది, ఒక భాగానికి మాత్రం రంగు ఉంచితే అది రంగుల ఫొటో అవుతుంది. పోటీలకు పంపదలచుకున్న పిల్లలకు ఆ సంగతి చెప్పడం మేలు.

ఒక్కో ఫొటోకు ఒక్క లోపం చాలు. మీకు అయిదు కనిపించినా, రెండో ఆదివారానికి ముందు సరిచేసుకోగలిగినది ఏదో అది చెప్పండి. ముసలావిడ తల వెనక స్తంభం మొలిచినట్టు నిలబడి ఉంటే అది తీసేటప్పుడు ఒక అడుగు పక్కకు జరిగి తప్పించవలసినది, ఇప్పుడు చెప్పి ప్రయోజనం లేదు, ఈసారి వెళ్ళేముందు చెప్పండి. మెప్పుకు కూడా ఇదే పద్ధతి. "బాగుంది కానీ" అన్న మాట వినగానే పిల్లలు కానీ కోసం చెవి పెట్టి, బాగుంది అన్నదాన్ని వదిలేస్తారు. "దండ కట్టే వేళ్ళ మధ్య దారం ఒక్కటే తెల్లగా మెరిసింది, అది నాకు నచ్చింది" అని పూర్తిచేసి ఆగిపోతే దాన్ని ఎవరూ మర్యాదకు అన్నట్టు తీసుకోరు.

చూసే చోటు కూడా సరిచూసుకోండి. ఫోన్లలో చూస్తున్నట్లయితే ఒక్కో ఫోను వెలుతురు ఒక్కో రకంగా ఉంటుంది. మీ ఫోన్‌లో వెలుతురు తగ్గించి ఉంటే ఆ అమ్మాయి ఫోన్‌లో మెరిసిన మల్లెలే మీకు బూడిదగా కనిపించి ఉండవచ్చు, మీ తీర్పు అసలు ఫొటో మీద కాక మీ ఫోను మీద అయి ఉండవచ్చు. ప్రింట్లు వేయించుకు రమ్మనండి. వాటిని హాల్లోని ట్యూబులైటు కింద కాకుండా పగటిపూట కిటికీ దగ్గర, ఎండ నేరుగా పడని చోట పెట్టి చూడండి.

ఇక ఆ అమ్మాయి విషయం. గ్రూపులో మెసేజ్ పెట్టకండి, మీరే ఫోన్ చేయండి. క్షమాపణతో మొదలుపెట్టి, ఆ ఫొటో నిజానికి చాలా బాగుందని చెబితే ఆమె నమ్మదు, నమ్మకపోవడమే మంచిది. "అమ్మా, ఆ రోజు నీ ఫొటోను నేను సరిగ్గా చూడకుండానే మాట్లాడాను. బూడిద అన్న మాట అనకుండా ఉండాల్సింది. ఆ ప్రింటు, రంగుల ఫైలు రెండూ తీసుకుని ఒకసారి వస్తావా? పూలూ ఆకులూ ఎక్కడ కలిసిపోయాయో ఇద్దరం చూద్దాం" అనండి. ఇందులో మీ అభిప్రాయాన్ని మీరు వెనక్కి తీసుకోవడం లేదు, దాన్ని సరైన చోట పెడుతున్నారు. ఆమె వస్తానంటే మిగిలినవాళ్ళు లేని రోజున రమ్మనండి. ఆ ఫొటో తేకుండా కొత్తది ఏదైనా పట్టుకువస్తే పాతదాని ఊసెత్తకండి, కొత్తదాన్నే ఒక నిమిషం చూడండి.